శ్రీరామపురపు విలియం కేరీగారు

ప్రతి సంవత్సరమును ఈ సంచికకు వ్యాసము నియ్యవలసిన దినము సమీపించునప్పటికి మాకొక చిక్కు కలుగుచుండును. గడువులోపల నిచ్చినచో వ్యాసము కుదిరినట్లు తోచదు. కుదురువఱకు వేచియున్నచో గడువు దాటిపోవును. పరీక్షాశాలలో చివరి గంటకు ముందు విద్యార్థులు పడు తొందరయు నిట్టిదే. ఈ యేడు ఎవరి చరిత్రము వ్రాయుదమా యని యాలోచించుచుండగా, ఈ చిక్కును సుమారు నలుబదియేండ్లు తలమీద మోసిన యొక మహనీయుడు మా స్మృతికి వచ్చెను. వారు విలియం కేరీగారు. వారి భక్తినిగూర్చియు, త్యాగమునుగూర్చియు ఆదివారపు బడిలో మన పిల్లలు వినియే యున్నారు. పుస్తకములు తయారుచేయు పనివారుగా వారెట్టివారో, త్వరవలన వారికి లభించినదేమో, నష్టమైనదేమో చెప్పుటకే మేమిపుడు పూనుకొంటిమి.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని ఇంగ్లాండు దేశమునందు నార్తాంప్టను మండలములోని పాలర్స్‌పురీ యను గ్రామమున జన్మించిరి. తండ్రి ఎడ్మండుగారు మొదట నేతపనివారు. తరువాత ఆ గ్రామమునకే బడిపంతులైరి. కుమారుని పదునాలుగవయేట చెప్పులు కుట్టువానియొద్ద పని నేర్చుకొనుటకు పెట్టిరి. ఆ దుకాణములో నొక బైబిలు వ్యాఖ్యానమునందు గ్రీకు అక్షరములు చూచి, అవి యేమో తెలిసికొనవలెనని బాలునకు పట్టుదల పుట్టెను. అట్లు మొదలయిన భాషాభిలాష లాటిను, గ్రీకు, హెబ్రీ, డచ్చి, ఫ్రెంచి భాషలవఱకు నడచెను. తోలు కోయుచు, కుట్టుచు, ప్రక్కన పుస్తకము తెఱచి పెట్టుకొని చదువుకొనినవారు. 1781లో డొరొతీ ప్లాకెట్టు గారిని వివాహమాడిరి. పిమ్మట మౌల్టను గ్రామమున బడి నడపుచు, సంఘకాపరియై, అటుపై లెస్టరు పట్టణమునకు బోయిరి. 1792లో అన్యదేశములకు సువార్తికులను పంపుటనుగూర్చి యొక పుస్తకము ప్రకటించిరి. ఆ యేడే అక్టోబరు 2వ తేదీని కెట్టరింగులో బాప్టిస్టు మిషనరీ సంఘము స్థాపితమాయెను. మరుసటి యేడు జూను 13వ తేదీని భార్యాబిడ్డలతో ఓడనెక్కి, నవంబరులో కలకత్తా చేరిరి.

వారి మనస్సులో నొక గడువు ఉండెను. దానిని ఏ యధికారియు నిర్ణయింపలేదు. తాము ఆలస్యము చేయు ప్రతి దినమునను సువార్త వినకయే మరణించువారెందఱో కలరని వారు తలచిరి. ఇట్టి గడువు మిక్కిలి కఠినమైనది. ఏలయన, దానిని పొడిగించుమని అడుగుటకు ఎదుట మనుష్యుడెవ్వడును లేడు.

1794 మొదలు మాల్దా ప్రాంతమున ముద్నాబాటి యను చోట నీలిమందు కర్మాగారమునకు పర్యవేక్షకులుగా నుండి కేరీగారు జీవనము గడపిరి. రామరామ బసు అను మున్షీగారి సాయమున బెంగాలీ భాషను నేర్చుకొని, క్రొత్త నిబంధనను ఆ భాషలోనికి మార్చుచుండిరి. ఆ సంవత్సరమే కుమారుడు పీటరు రక్తవిరేచనములచే మరణించెను. ఆ దుఃఖముతో డొరొతీ అమ్మగారి మతి చలించి, 1807లో మరణించువఱకు కుదుటపడలేదు. ఆ గదికి ప్రక్కగదిలోనే అనువాదము సాగుచుండెను. దీనిని మేము మెచ్చుకోలుగా చెప్పుట లేదు, నిందగా చెప్పుట లేదు. అట్లు జరిగెనని మాత్రమే చెప్పుచున్నాము. పని యెంత గొప్పదైనను దాని వెల నొక్కొకపుడు ఇంటివారు చెల్లింతురు.

ఇంగ్లాండునుండి క్రొత్తగా వచ్చిన విలియం వార్డు, జాషువా మార్ష్‌మను మున్నగువారిని కలిసికొని, 1800 జనవరి 10వ తేదీని కేరీగారు శ్రీరామపురము చేరిరి. కలకత్తాకు ఎగువగా హుగ్లీ నది యొడ్డున నున్న ఆ పట్టణము అప్పుడు డెన్మార్కువారిది. ఈస్టిండియా కంపెనీవారు తమ సీమలో మిషనరీలను ఉండనిచ్చెడివారు కారు గనుక వీరు డచ్చివారి పొరుగున గాక డేనులయొద్ద ఆశ్రయము పొందిరి. వార్డుగారు అచ్చుపనిలో ఆరితేరినవారు. కేరీగారు ముద్నాబాటిలో నుండగనే సంపాదించిన కొయ్య ముద్రాయంత్రమును ఇచట నిలిపిరి. బెంగాలీ అచ్చక్షరములను మలచుటకు పంచానన కర్మకారుడను కమ్మరి దొరకెను. ఇతడు పూర్వము చార్లెసు విల్కిన్సు గారియొద్ద ఈ విద్య నేర్చినవాడు. ఈ పని యెట్టిదో మన విద్యార్థులకు చెప్పవలెను. ఉక్కుకమ్మి కొనయందు అక్షరమును తారుమారుగా చెక్కుదురు. దానిని రాగిబిళ్లపై కొట్టి గుంట చేయుదురు. ఆ గుంటలో సీసము కలసిన లోహమును కరగించి పోసినచో ఒక అచ్చక్షరము వచ్చును. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు అన్నియు నిట్లే. ఉక్కుకమ్మిపై ఒక్క గీత వంకరగా చెక్కబడెనా, ఆ వంకర వేలకొలది ప్రతులలో కనబడును.

మార్చి 18వ తేదీని మత్తయి సువార్త మొదటి పుట అచ్చుపడెను. 1801 ఫిబ్రవరి 7వ తేదీకి క్రొత్త నిబంధన యావత్తును ముగిసెను. ప్రతులు 2000. కొయ్యయంత్రముతో, అప్పుడే పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాండ్రతో సంవత్సరము తిరుగకమున్నే ఇంత పని చేయుట ఆశ్చర్యకరమే. వార్డుగారితోపాటు కేరీగారి పెద్దకుమారుడు ఫీలిక్సును అక్షరములు కూర్చెను. మార్చి నెలలో మొదటి ప్రతిని ప్రార్థనమందిరమున ప్రభువు బల్లపై నుంచి దేవునికి స్తోత్రము చేసిరి.

అయితే ఆ పుస్తకము బాగుగ నుండెనా? లేదనియే చెప్పవలెను. మాటలు బెంగాలీవి, వాక్యముల నడక పలుతావుల ఇంగ్లీషుది. మాల్దా పల్లెలలో విన్న పలుకుబడియు, మున్షీ చెప్పిన గ్రంథభాషయు ఒకదానిలో నొకటి కలిసిపోయెను. ఈ లోపము అందఱికంటె ముందుగా కేరీగారికే తెలిసెను. 1801 ఏప్రిలులో కలకత్తాలోని ఫోర్టువిలియం కళాశాలలో బెంగాలీ బోధించుటకు వారు నియమింపబడిరి. అచట మృత్యుంజయ విద్యాలంకారుల వంటి గొప్ప పండితుల సహవాసము దొరకెను. ఆ పండితులయొద్ద కూర్చుండగనే, తాము ముగించితిమనుకొన్న పని ముగియలేదని వారు గ్రహించిరి. వెంటనే రెండవ ముద్రణమునకు దిద్దుట ప్రారంభించిరి. అది 1806లో వెలువడెను. మొదటి దానికిని దీనికిని ఎంత భేదమనగా, క్రొత్తగా అనువదించిన దనియే చెప్పవచ్చును. మూడవది 1811లో వచ్చెను. ఇట్లు వారి జీవితకాలములో బెంగాలీ క్రొత్త నిబంధన ఎనిమిదిమారులు అచ్చయ్యెను. పాత నిబంధన అయిదుమారులు.

త్వరకును నాణ్యమునకును నడుమ కేరీగారు కనుగొనిన మార్గ మిదియే. తప్పులున్నవని పుస్తకమును పెట్టెలో దాచిపెట్టలేదు. అచ్చయినదిగదా యని తప్పులను విడిచిపెట్టనూలేదు. చదువువారికి నేడు చేతనైనదానిని నేడిచ్చి, రేపు మేలైనదానిని ఇచ్చుటకు కూర్చుండిరి. ఇది మంచి మార్గమే. కాని దీని కొక షరతు కలదు: దిద్దువాడు దగ్గఱ నుండవలెను, వాని ఆయువును చాలవలెను. ఒక్క బెంగాలీకే ముప్పదియేండ్లు పట్టెను. కేరీగారో, ఒక్క బెంగాలీతో తృప్తిపడినవారు కారు.

1806 జూనులో వారు మిత్రునికి వ్రాసిన జాబులో ఒకనాటి దినచర్య కలదు. తెల్లవారుజామున హెబ్రీ బైబిలు పఠనము, ఇంటివారితో ప్రార్థన, పిదప మున్షీతో పారసీకము, హిందూస్తానీ. ఉపాహారము కాగానే సంస్కృత రామాయణముయొక్క అనువాదము. పది గంటలకు కళాశాల. మధ్యాహ్నము యిర్మీయా గ్రంథముయొక్క బెంగాలీ ప్రూఫులు. భోజనానంతరము ప్రధాన పండితునితో మత్తయి సువార్తను సంస్కృతములోనికి మార్చుట. సాయంకాలము ఆరు గంటలకు తెలుగు పండితు డొకడు వచ్చెను. ఆయనయొద్ద కేరీగారు మన భాష నేర్చుకొనిరి. రాత్రి ప్రసంగము చేసి, తరువాత పదునొకండు గంటలవఱకు యెహెజ్కేలు గ్రంథమును బెంగాలీలోనికి మార్చిరి. ఆ తెలుగు పండితుని పేరు ఆ జాబులో లేదు. వంగదేశమునందు, నదియొడ్డున, దీపాలవేళ నొక దొరకు తెనుగు చెప్పిన ఆ పెద్దమనిషిని తలచుకొన్నపుడెల్ల మాకు సంతోషము కలుగును.

కాని ఆ దినచర్యను ఉపాధ్యాయుల కంటితో చూచినపుడు భయమును కలుగును. ఒక్క దినములో నిన్ని భాషలు! మా తరగతిలో విద్యార్థి యెవ్వడైనను ఇట్టి కాలక్రమము వ్రాసికొని వచ్చినచో, సగము కొట్టివేసి తిరిగి యిచ్చెదము. అప్పటికే సంస్కృతము, ఒరియా, మరాటీ, హిందీ మొదలగు భాషలలో పని సాగుచుండెను. పద్ధతి యిట్టిది: ఆయా భాషల పండితులు సంస్కృత ప్రతినో, తమకు తెలిసిన మఱియొక ప్రతినో చూచి మొదట మార్చెదరు, కేరీగారు దానిని మూలముతో పోల్చి దిద్దుదురు, అచ్చు ప్రూఫులు ఒకటికి రెండుమారులు చదువుదురు. ఇంగ్లాండులోని దాతలు కొందఱు, అంతవఱకు క్రొత్త నిబంధన లేని ఏ హిందూదేశ భాషలోనైనను ఆమోదయోగ్యమగు అనువాదము చేసి వేయి ప్రతులు అచ్చువేసినచో 500 పౌనులిచ్చెదమని ఏర్పాటు చేసిరి. దాతల యుద్దేశము మంచిదే. అయినను క్రొత్త భాషకు సొమ్ము కలదు, పాత యనువాదమును దిద్దుటకు సొమ్ము లేదు అనునపుడు పని యేవైపు మొగ్గునో చెప్పనక్కఱలేదు. బికనీరు, జయపూరు, ఉదయపూరు, కనౌజు మొదలగు సీమల పలుకుబడులకు సైతము వేఱువేఱుగా అనువాదములు బయలుదేరెను. వానిలో ననేకము మరల అచ్చుకాలేదు. మొత్తముమీద నలుబదికి సమీపించిన భాషలలో బైబిలు పూర్తిగానో, భాగములుగానో శ్రీరామపురమునుండి వెలువడెను. ఆ సంఖ్యనే మనవారు వేదికలపై గొప్పగా చెప్పుదురు. ఆ సంఖ్యవలననే కేరీగారికి పిమ్మట చిక్కులు వచ్చెనని మా యభిప్రాయము.

ఇట్లుండగా 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ముద్రణాలయమున అగ్నిప్రమాదము సంభవించెను. కేరీగారు కలకత్తాలో నుండిరి. కాగితముల కొట్టున నిప్పు పుట్టినది. వార్డు, మార్ష్‌మనుగారలు కిటికీలు, తలుపులు మూయించి మంటను అణచుటకు ప్రయత్నించిరి. ఎవరో కిటికీ తెఱచిరి. గాలి సోకగానే మంట చెలరేగెను. అర్ధరాత్రమునకు పైకప్పు కూలెను. పదునాలుగు దేశభాషల అచ్చక్షరములు కరగి ముద్దయ్యెను. వ్రాతప్రతులును బూడిదయ్యెను, వానిలో కేరీగారు ఎన్నియో యేండ్లు కష్టపడి కూర్చుచున్న బహుభాషా నిఘంటువు, పంజాబీ వ్యాకరణము, తెలుగు వ్యాకరణము నుండెను. నష్టము సుమారు 10000 పౌనులు. మరునాటి యుదయమున మార్ష్‌మనుగారు కలకత్తాకు పోయి ఈ వార్త చెప్పగా కేరీగారు కొంతసేపు మాటాడలేకపోయిరి.

ముద్రాయంత్రములు వేఱుచోట నుండుటచేత దక్కెను. శిథిలములను త్రవ్వగా ఉక్కుముద్రలు, రాగిబిళ్లలు చెడకుండ దొరకెను. వార్డుగారు ఆలసింపక కరగిన లోహమునే మరల పోతపోయించిరి. కొలది నెలలలో పలు భాషల పని తిరిగి సాగెను. ఆ నష్టపుసొమ్ము బ్రిటనులో రెండు నెలలలోనే పోగయ్యెను. వ్రాతప్రతులుమాత్రము సొమ్ముతో వచ్చునవి కావు. కేరీగారు మరల మొదటినుండి కూర్చుండిరి. ఒకమారు నడచిన త్రోవ గనుక రెండవమారు తడబాటు తక్కువగా నుండునని తమ్ము తాము ఓదార్చుకొనిరి. నిఘంటువునుమాత్రము మరల తలపెట్టలేదు. పంజాబీ వ్యాకరణము ఆ యేడే వెలువడెను. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయ్యెను.

ఇక మన తెలుగు సంగతి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరామపురమునుండి వెలువడెను. 1821లో మోషే పంచకాండములు వచ్చెను. కాని అంతకు పూర్వమే, 1805లో, విశాఖపట్టణమునకు జార్జి క్రాను, అగస్టసు డెస్‌గ్రాంజెసు అను లండను మిషనువారు వచ్చియుండిరి. వారు తెలుగువారి నడుమ కాపురముండి, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయమున పని మొదలుపెట్టిరి. క్రానుగారు 1809లోను, డెస్‌గ్రాంజెసుగారు 1810లోను కాలధర్మము నొందిరి. వారు ముగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమందే అచ్చయ్యెను. మిగిలిన పనిని ప్రిచెట్టుగారు పూర్తిచేయగా అది చెన్నపట్టణమున అచ్చయ్యెను. ఈ రెండు తెలుగు నిబంధనలలో ఏది నిలిచినది? విశాఖపట్టణమువారి పనియే. దానిపైననే గోర్డను, వార్డ్‌లా, హేగార్లు తరువాతి తరములలో కట్టుకొనుచు పోయిరి. శ్రీరామపురపు తెలుగు ప్రతి అచటనే యాగిపోయెను. దక్షిణదేశ భాషల పనిని చెన్నపట్టణపు బైబిలు సంఘమువారికి విడిచిపెట్టిరి.

కేరీగారు మనవారి నడుమ నివసించినవారు కారు. వీథిలో కూరగాయలమ్మువాని కేక, తల్లి బిడ్డను బుజ్జగించు మాట వారి చెవిని పడలేదు. పండితుని నోట వచ్చిన తెలుగే వారు విన్న తెలుగు. అందు సంస్కృతము పాలెక్కువ. తెలుగు సంస్కృతమునుండి పుట్టినదని కేరీగారు మున్నగు పలువురు విద్వాంసులు తలచియుండిరి. 1816లో చెన్నపట్టణమున ఎల్లిసుగారు, కాంబెలుగారి తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికాభాగమున, ఆ మతము సరికాదనియు, తెలుగు, తమిళము, కన్నడములు వేఱొక కుటుంబమువనియు నిరూపించిరి. బెంగాలీ మొదటి ముద్రణములోనివలెనే తెలుగు మొదటి ముద్రణములోను తప్పులు దొరలినవి. భేద మెక్కడ? బెంగాలీకి కేరీగారు రెండవమారు, మూడవమారు, ఎనిమిదవమారు మిగిలియుండిరి. తెలుగుకు మిగులలేదు.

తాము ముద్రించినది బాగులేనిచో మరల చేయుటకు మాత్రము వారు ఎన్నడును సిగ్గుపడలేదు. బెంగాలీ నిఘంటువు మొదటి సంపుటము 1815లో అచ్చయినపిమ్మట, ఆ యక్షరముల పరిమాణముతో గ్రంథము మోయరానంత యగునని తోచి, చిన్న అక్షరములు మలపించి ఆ సంపుటమునే మరల అచ్చువేయించిరి. గ్రంథము 1825కు గాని పూర్తికాలేదు. కాగితము విషయమునను అంతే. నాటు కాగితమునకు పూసెడి గంజి రుచిచేత పురుగులు తినివేయుచుండెను. చేసిన పుస్తకము చెదలపాలగుట చూచి, పురుగుపట్టని కాగితమును శ్రీరామపురముననే తయారుచేయుట కారంభించిరి. 1820లో ఇంగ్లాండునుండి 12 గుఱ్ఱముల బలముగల ఆవిరియంత్రమును తెప్పించి దానితో నడపిరి. యంత్రమును చూచుటకు చుట్టుపట్ల ఊళ్లనుండి జనులు గుంపులుగా వచ్చిరట.

ఇంత దిద్దుబాటు మనిషి ఒకనాడు పని నొక్కపూటలో ముగించెను. 1829 డిసెంబరు 4వ తేదీని గవర్నరు జనరలు బెంటింకు ప్రభువు సతీసహగమనమును నిషేధించుచు శాసనము చేసెను. దానిని బెంగాలీలోనికి మార్చుమని కేరీగారికి పంపగా, ఆ కాగితము ఆదివారము ఉదయమున, వారు ఆరాధనకు బయలుదేరు సమయమున అందెను. ఆదివారమున లౌకికమైన పని ముట్టని మనిషి పైచొక్కా విడిచివైచి, ఆ పూట ప్రసంగమునకు మఱియొకరిని పంపి, పండితుని పిలిపించుకొని కూర్చుండిరి. ఒక్కదినము జాగుచేసినచో ఏ గ్రామమున ఏ వితంతువు చితిపై కాలునో! సాయంకాలమునకు అనువాదము సిద్ధమయ్యెను. అది త్వరగా చేసినదేగాని తేలికగా చేసినది కాదు. శాసనములో నొక్క మాట జాఱినచో దానినే సందుగా చేసికొనువా రుందురు. ముప్పదియేండ్లుగా ఆ భాషనే దిద్దుచు వచ్చినవారు గనుకనే ఒక్క దినములో దానిని తప్పులేకుండ చేయగలిగిరని మేము తలంచుచున్నాము.

1832లో బెంగాలీ క్రొత్త నిబంధన ఎనిమిదవ ముద్రణము వెలువడెను. అప్పటికి వారికి డెబ్బదియొక సంవత్సరము. దానితో తమ పని తీరినదని వారు మిత్రులతో చెప్పిరి. ఆ తరువాత శరీరము క్రమముగా సన్నగిల్లెను. బలము చాలినపుడెల్ల బల్లయొద్ద కూర్చుండి ప్రూఫు కాగితములు చూచుచుండిరి; నడువలేనపుడు కుర్చీలో తమ తోటలోనికి మోయించుకొని పోయిరి. 1834 జూను 9వ తేదీ సోమవారము ఉదయమున శ్రీరామపురమునందే పరమపదించిరి. ఇంగ్లాండు విడిచిన పిమ్మట నలుబదియొక్క సంవత్సరములలో ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు.

వారు పోయిన తరువాత విలియం యేట్సుగారు బెంగాలీ బైబిలును మరల మొదటినుండి క్రొత్తగా మార్చి 1845లో ప్రకటించిరి. ఈ యేట్సుగారు 1815లో ఈ దేశమునకు వచ్చి, కొంతకాలము శ్రీరామపురములో కేరీగారి ప్రక్కను కూర్చుండి అనువాదపు పని నేర్చుకొనినవారు.